పుస్తకంలో లేని దర్జీ

మామగారు బతికున్న రోజుల్లో ఆయన ఒక మాట అన్నారంటే గుడ్డ మీద కత్తెర పడినట్టే, ఇక వెనక్కి తీసుకునేది ఉండదు. అందుకే ఆ రోజు "అమ్మాయ్, ఆ గ్రూపులో నా ప్రశ్న పెట్టు" అన్నప్పుడు కోడలు ఎదురుచెప్పకుండా ఫోను తీసింది.

నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషి ఆయన. టేపు ఎప్పుడూ మెడలో ఉండేది కానీ, దాన్ని వాడగా చూసినవాళ్లు తక్కువ. మనిషి గుమ్మం దాటి వచ్చేలోపే ఛాతీ, నడుము, భుజం అన్నీ కంటితో కొలిచేసేవారు. చివరికి ఆ కళ్లే మసకబారాయి. అంచులు మడిచి కుట్టే పని వేళ్లకు వదిలేశారు. అక్షరాలతో మాత్రం ఆయనకు మొదటినుంచీ పెద్ద స్నేహం లేదు. ఆయన కుడుతుంటే అత్తగారు పక్కన పీట వేసుకుని చదివి వినిపించేది. అలా విన్నదే ఆ ఐదు సంపుటాల పాత నవల. రెక్కల గుర్రాలు, మాట్లాడే కొండలు, రాజ్యం పోగొట్టుకున్న యువరాణి. ఐదో సంపుటంలో మూడు అధ్యాయాలు మిగిలి ఉండగా ఆవిడ పోయింది.

ఆ నవల ఒక్కో భాగం సినిమాగా రావడం మొదలయ్యాక, దాన్ని ప్రేమించేవాళ్లంతా ఇంటర్నెట్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. కోడలు అందులో చేరింది. ఆమెది ల్యాబులో రక్తపరీక్షల రిపోర్టులు టైపు చేసే ఉద్యోగం. భోజనాల వేళ గ్రూపులో తగాదాలు చదివి, సాయంత్రం ఇంటికొచ్చి మామగారికి పూసగుచ్చినట్టు చెప్పేది. గ్రూపుకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరు ఏ మాటన్నా అధ్యాయం, పేజీ చూపించాలి. చూపించలేనివాళ్లు నోరు మూసుకోవాలి.

మామగారి ప్రశ్న ఇది: "సినిమాల్లో కుంటి దర్జీని ఎందుకు తీసేశారు?"

"ఏ దర్జీ?" అంది ఒకామె. "అధ్యాయం? పేజీ?" అన్నారు పదిమంది.

కోడలు ఐదు పుస్తకాలూ ముందేసుకుని ఆదివారమంతా వెతికింది. యువరాణికి పొగమంచుతో అంగీ కుట్టిచ్చిన దర్జీ, యుద్ధానికి పోయేవాళ్లను వరసగా నిలబెట్టి ఊడిన గుండీలకు చీవాట్లు పెట్టిన దర్జీ, మామగారు పొద్దస్తమానం తలుచుకునే ఆ దర్జీ ఒక్క వాక్యంలోనూ లేడు. ఆ చోట్లన్నిటా పుస్తకం గుర్రాల గురించి మాట్లాడుతోంది. అంటే అత్తగారు సొంతంగా కల్పించి చదివిందన్నమాట. ఇన్నేళ్లూ, మొగుడి కోసం.

కోడలికి భయం వేసింది. ఈ సంగతి చెబితే ఆయనకు అత్తగారు రెండోసారి పోయినట్టే.

గ్రూపువాళ్లు ఊరుకునే రకమా? పుస్తకం మీద ప్రాణం పెట్టినవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు చేశారు. పెద్దాయన అబద్ధమెందుకు చెబుతాడు, దర్జీ ఉన్న ముద్రణ ఎక్కడో ఉండే ఉంటుంది అని తేల్చుకున్నారు. లైబ్రరీలో పనిచేసే ఒకాయన పదకొండు ముద్రణలు తిరగేశాడు. ఒక టీచరమ్మ ప్రచురణకర్తలకు ఉత్తరం రాసింది. మీ దగ్గరున్న పేజీలు ఫోటో తీసి పెట్టండని అందరూ కోడలి వెంటపడ్డారు.

"ఏమంటున్నారు వాళ్లు?" అని మామగారు రోజూ అడిగేవారు.

"వెతుకుతున్నారు మామయ్యా."

"సినిమా తీసినవాళ్లను తిట్టారా లేదా?"

"తిట్టారు, బాగానే తిట్టారు."

"ఊఁ. తిట్టాలి."

నెల తిరిగేసరికి ఆఖరి సినిమా విడుదల తేదీ ప్రకటించారు. మామగారు చేతిలో పని పక్కన పెట్టారు.

"అమ్మాయ్, ఆ మూడు అధ్యాయాలూ చదివేసెయ్. ముగింపు సినిమావాళ్ల నోట వినడం నాకిష్టం లేదు. మీ అత్తయ్య సగంలో ఆపేసింది, నువ్వు పూర్తిచెయ్యి."

కోడలు ఇరకాటంలో పడింది. ఉన్నదున్నట్టు చదివితే దర్జీ ఉండడు, ఆయన అడుగుతారు. లేనిది చదువుదామంటే, జన్మలో ఒక్క అంకె కల్పించి టైపు చెయ్యని మనిషి తను. చివరికి ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని, పుస్తకంలో దాచుకుని, ఆయన పక్కన కూర్చుంది.

మొదటి అధ్యాయం సాఫీగా గడిచింది. రెండోదానిలో యువరాణి కోట ముందుకొచ్చి నిలబడింది. కోడలు గొంతు సవరించుకుంది.

"అప్పుడు... దర్జీ వచ్చి, టేపు తీసి, యువరాణి భుజాల కొలతలు తీసుకుని, కాగితం మీద రాసుకున్నాడు..."

మామగారి సూది ఆగింది.

"కొలతలు తీసుకున్నాడా?"

"అవును మామయ్యా."

"రాసుకున్నాడు కూడానా?"

"అలాగే ఉంది మరి."

"మీ అత్తయ్య దర్జీ అలా చెయ్యడమ్మా. కంటితోనే కొలుస్తాడు. పొగరుబోతు."

కోడలు తలెత్తలేకపోయింది. 'మీ అత్తయ్య దర్జీ' అన్నారు, పుస్తకంలో దర్జీ అనలేదు.

"మీకు తెలుసా?"

"ఒక్కోసారి పేజీ తిప్పకుండా అరగంట చదివేది. నా కళ్లు గుడ్డ మీదున్నా చెవులు పుస్తకం మీదేగా. కాగితం తిప్పితే చప్పుడవదూ?"

"మరి గ్రూపులో ఎందుకు అడిగించారు? పాపం, లైబ్రరీ ఆయన పదకొండు పుస్తకాలు..."

"అలాంటివాడు లేకుండా అంత పెద్ద కథ తియ్యడం తప్పు కాదా? అడిగా." ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "ఆవిడ పోయాక వాడి ఊసెత్తేవాళ్లే లేరమ్మా. అంతమంది వాడి కోసం వెతుకుతున్నారని నువ్వు చెబుతుంటే వినబుద్ధేసింది."

"తెలుసని అత్తయ్యకు ఎప్పుడైనా చెప్పారా?"

"చెబితే మానేసేది."

కోడలు తను రాసుకున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"అయితే మీరే చెప్పండి. కోట ముందు వాడేం చేస్తాడు?"

మామగారు ఆగిన సూదిని మళ్లీ గుడ్డలో దించారు.

"కోట దగ్గరికి వాడెందుకొస్తాడు, ఆ కాలితో? కొట్లోనే ఉంటాడు. యుద్ధం నుంచి ఎవరొచ్చినా చిరిగిన బట్టతోనే వస్తారు కదా. కుట్టడానికి ఒకడుండాలి."

"యువరాణి తిరిగొస్తుందంటారా?"

"నాకేం తెలుసు? పుస్తకం నీ చేతిలో ఉంది. చదువు."

ఈసారి గొంతు సవరించుకోకుండానే, అచ్చులో ఉన్నది ఉన్నట్టు ఆమె చదవసాగింది.