సాంచాల జోలపాట, అడవి జాగారం

ఒక ఊరిని, ముప్పై గుడారాలను, కట్టేసిన పశువులను ఒకే రాత్రి ఒకేసారి నిద్ర లేపిన మనిషిని మీరు ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఈ కథనం రాస్తున్న చేతిని చూడండి చాలు. పైగా ఆ రాత్రి నాకు అప్పగించిన పని ఎవరి నిద్రా చెడకుండా కాపలా కాయడం. గబ్బిలాలను కూడా లేపానని కొందరంటారు గానీ, అవి రాత్రి ఎలాగూ మేలుకునే ఉంటాయి కాబట్టి ఆ నేరం నేను ఒప్పుకోను.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. సూరత్ పక్కన జోల్వాలో నాలుగు సాంచాలు నడిపేవాణ్ణి. సాంచె అంటే కరెంటు మగ్గం. మా గది గోడా, మగ్గాల షెడ్డు గోడా ఒకటే. పదహారో ఏట సిరిసిల్ల నుంచి వచ్చినప్పటి నుంచి ఆ గోడకు తల ఆనించే పడుకున్నాను. అవతల రాత్రి షిఫ్టు సాంచాలు దడదడలాడుతుంటే ఇవతల మేం హాయిగా గుర్రుపెట్టేవాళ్లం. కరెంటు పోయి మోత ఆగిందంటే చాలు, వరసగా అన్ని గదుల్లోనూ అందరం లేచి కూర్చునేవాళ్లం. లోకమంతా చప్పుడుకు లేస్తే మేం చప్పుడు ఆగితే లేస్తాం. వారానికోసారి సెలవు నాడు నిద్ర పట్టక చచ్చేవాణ్ణి. అందుకని నా నాలుగు సాంచాల మోతను ఫోన్లో రికార్డు చేసుకుని, సెలవు రాత్రి దిండు పక్కన పెట్టుకునేవాణ్ణి. పక్క గదుల వాళ్లు ఏమీ అనేవాళ్లు కాదు. పైగా ఒకాయన కొంచెం పెంచమని గోడ మీద కొట్టేవాడు.

ఇలాంటి నన్ను గుహల క్లబ్బులోకి లాక్కెళ్లింది మా మేనమామ కొడుకు రవి. వాడు సూరత్‌లోని డిండోలిలో పుట్టి పెరిగినవాడు, చీరల దుకాణంలో పని. ఆదివారాలు కొందరు గుజరాతీలతో కలిసి డాంగ్ అడవుల్లో గుహలు దిగేవాడు. ఒకసారి నన్ను తోడు పట్టుకుపోయాడు. అక్కడ తాడుకు ముడి వేయడం రాక నలుగురు కుస్తీ పడుతుంటే, నేను కళ్లు మూసుకుని రెండు వేళ్లతో వేసి చూపించాను. తెగిన పోగులు అతికి అతికి అరిగిన వేళ్లు కదా మరి. క్లబ్బు పెద్ద హేతల్‌బెన్, అంటే మన లెక్కలో హేతలక్క, నన్ను అప్పటికప్పుడు చేర్చుకుంది. ఆవిడ కాలేజీలో రాళ్ల గురించి పాఠాలు చెబుతుంది. అడవిలోని ఒక పెద్ద గుహకు ఎనిమిదేళ్లుగా మూరమూరా కొలిచి పటం గీస్తోంది.

ఆ గుహ దగ్గర ఏటా ఒక మేళా జరుగుతుంది. నాలుగైదు ఊళ్ల గుహల క్లబ్బులు గుడారాలు వేసుకుంటాయి. పగలు గుహ దిగడం, రాత్రి మంట చుట్టూ కూర్చోవడం. అంతవరకూ బాగానే ఉంది. కిందటి ఏడు మాత్రం కుర్రాళ్లు పెద్ద స్పీకరు తెచ్చి తెల్లవారేదాకా గంతులేశారట. కింద ఉన్న ఊళ్లో పసిపిల్లలు ఏడ్చారు, ఒక ఎద్దు తాడు తెంపుకుని పోయింది. ఆ ఊరి పెద్ద సోమాకాకా వచ్చి ఒకటే మాట చెప్పాడు. రాత్రి పది దాటాక మళ్లీ చప్పుడు వినిపిస్తే గుహకు దారి మూసేస్తాను, ఇంక ఈ గుట్ట ఎక్కొద్దు అని. అంటే హేతల్‌బెన్ ఎనిమిదేళ్ల పటం సగంలో ఆగిపోతుందన్నమాట.

అందుకని ఈసారి పది తర్వాత నిశ్శబ్దానికి ఒక కాపలా మనిషి కావాల్సి వచ్చింది. హేతల్‌బెన్ చూపు నా మీద పడింది. కారణం నా గొంతు. మగ్గాల షెడ్డులో మాట్లాడి మాట్లాడి, ఉప్పు అందించమని అడిగినా నాది కొట్లాటకు దిగినట్టే ఉంటుంది. ఆవిడ నన్ను పక్కకు పిలిచి రెండు సంగతులు చెప్పింది. ఒకటి, రాత్రి ఈ గుట్ట మీద చీమ చిటుక్కుమనకూడదు. రెండు, పొద్దున ఆరింటికి గుహలోని కొత్త సొరంగంలోకి దిగే ఆరుగురిలో నీ పేరు ఉంది, కానీ నిద్ర లేని కళ్లతో వచ్చేవాణ్ణి తాడు మీద దింపను.

గుహలోకి నా మొదటి అడుగు అది. రవిగాడు డిండోలిలో అందరికీ ముందే చెప్పేశాడు కూడా. నేను ఛాతీ విరుచుకుని, "బేఫికర్ ఉండు బెన్. రాత్రి నాది జిమ్మా," అన్నాను. ఆ మాటకే చెట్ల మీది పిట్టలు కొన్ని లేచిపోయాయి.

పది కొట్టింది. వేరే ఊరి క్లబ్బు కుర్రాళ్లు కొందరు చక్రాలున్న స్పీకరు చుట్టూ ఎగురుతున్నారు. ఇంకో పాట అన్నారు, తర్వాత ఇంకో సగం పాట అన్నారు. నేను షెడ్డులో దారం తెగినప్పుడు అవతలి చివరనున్న మనిషిని ఎలా పిలుస్తానో అలా ఒక్కసారి "బంద్" అన్నాను. పాట ఆగింది. వాళ్లే ఆ స్పీకరును తోసుకుంటూ వచ్చి నా గుడారంలో పెట్టి, గుడ్ నైట్ అంకుల్ అని చెప్పి పోయారు. ఇరవై ఆరేళ్లకే అంకుల్ అయిపోయిన బాధ కన్నా గెలిచిన ఆనందమే ఎక్కువగా ఉంది.

మంటలు ఆరాయి. గుట్టంతా సద్దుమణిగింది. నేను గుడారంలో దుప్పటి కప్పుకుని కళ్లు మూశాను. అసలు కష్టం అప్పుడు మొదలైంది.

అంత నిశ్శబ్దం నా జన్మలో ఎరగను. కునుకు పట్టినప్పుడల్లా ఒళ్లు ఉలిక్కిపడి లేస్తోంది, కరెంటు పోయింది లే అని. పక్కకు తిరిగాను. బోర్లా పడుకున్నాను. తల మీద బ్యాగు పెట్టుకున్నాను. అలా గంటలు గడిచాయి. ఆరింటికి హేతల్‌బెన్ టార్చి వేసి నా ఎర్ర కళ్లు చూడటం, నన్ను వదిలేసి మిగతావాళ్లు దిగిపోవడం కళ్లకు కట్టింది. ఇక లాభం లేదనుకుని ఫోను తీసి నా సాంచాల మోత పెట్టాను. కానీ ఆ చిన్న ఫోను చప్పుడు అంత పెద్ద అడవిలో నా చెవికి ఆనలేదు. అప్పుడు నా చూపు స్పీకరు మీద పడింది.

అయ్యా, మీరు అనుకుంటున్నట్టు నేను మూర్ఖుణ్ణి కాను. చాలా జాగ్రత్తగా పెట్టాను. మొదట పూర్తిగా తగ్గించాను, ఏమీ వినపడలేదు. కొంచెం పెంచాను. ఇంకొంచెం పెంచాను. ఎక్కడో రెండు వీధుల అవతల సాంచె ఆడుతున్నట్టు, పలచగా, తీయగా చెవిని తాకగానే ఆపేశాను. ఇంత సన్నటి చప్పుడు గుడారం గుడ్డ కూడా దాటదని నాకు నేనే చెప్పుకున్నాను. రెండు నిమిషాల్లో నిద్రపోయాను.

తర్వాత జరిగింది రవి చెప్పగా తెలిసినదే. ఒకాయన గూడ్సు రైలు వచ్చిందని గుడారం వదిలి పరిగెత్తాడట. ఒకావిడ గుహ కూలిపోతోందని చెట్టును పట్టుకుందట. హేతల్‌బెన్ తలకు హెల్మెట్ పెట్టుకుని మరీ బయటికొచ్చింది. అందరూ మోత వెంట వచ్చి చూస్తే ఏముంది, నిశ్శబ్దానికి కాపలా పెట్టిన మనిషి స్పీకరును కౌగిలించుకుని నిద్రపోతున్నాడు. కుదిపారట. అటు తిరిగి పడుకున్నానట. మొహం మీద నీళ్లు చల్లారట. నిద్రలోనే మగ్గానికి నూలు బీము మార్చమని ఎవరికో పురమాయించానట. చివరికి రవి వచ్చాడు. వాడికి మా జాతి సంగతి తెలుసు. ఎవరూ నన్ను ముట్టుకోవద్దని చెప్పి స్పీకరు ఆపాడు.

నేను చటుక్కున లేచి కూర్చున్నాను. "కరెంట్ పోయింది, లేవుండ్రి," అన్నాను.

ముప్పై టార్చిలు నా మొహం మీద ఉన్నాయి. రవి తల పట్టుకుని, "బావా, కరెంట్ కాదు, మన ఇజ్జత్ పోయింది. జర కిందికి చూడు," అన్నాడు. ఊరి వైపు నుంచి నాలుగు లాంతర్లు గుట్ట ఎక్కుతున్నాయి.

సోమాకాకా ముందున్నాడు, చేతిలో కర్ర. హేతల్‌బెన్ ఎదురెళ్లి రెండు చేతులూ జోడించింది. ఎనిమిదేళ్ల పటం ఆవిడ మొహంలోనే మడతపడిపోతోంది. ఎవరు చేశారు ఇది అని కాకా అడిగాడు. స్పీకరు తెచ్చిన కుర్రాళ్ల వైపు అందరి చూపులూ తిరిగాయి. వాళ్లు పాపం మొదటిసారి నిజంగానే ఏ పాపమూ ఎరగరు. నోరు మూసుకుని ఉంటే తప్పు వాళ్ల మీదికి పోయేదే. కానీ ముందుకు పోయి, "నేనే కాకా. నిద్ర పట్టక మా సాంచాలు పెట్టుకున్నా," అని హిందీలో చెప్పేశాను.

ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. కర్ర కింద పెట్టి ఒక రాయి మీద కూర్చున్నాడు.

"మళ్లీ పెట్టు," అన్నాడు.

సాక్ష్యం కోసమనుకుని పెట్టాను. నాకు వినపడీ వినపడనట్టుగా ఉంది, చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం చెవులు మూసుకున్నారు. కాకా కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. వయసులో ఉండగా పదకొండేళ్లు సూరత్‌లో సాంచాలు నడిపాడట ఆయన. మాకెవరికీ తెలియదు.

"నాలుగు సాంచాలు," అన్నాడు చివరికి. "మూడు బాగున్నాయి. ఒకటి కుంటుతోంది. దాని పిక్కర్ చీలింది."

పిక్కర్ అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెను కొట్టే ముక్క. అది చీలితే నాడె ఏదో ఒక రోజు ఎగిరి మనిషికి తగులుతుంది. నాకు రోషం వచ్చింది. అవి నా సాంచాలు. రోజూ తుడిచి, నూనె వేసి, ముద్దుగా చూసుకుంటాను. పన్నెండు గంటలు వాటి పక్కనే నిలబడతాను. ఎన్నో ఏళ్ల కింద పని మానేసి అడవిలో కూర్చున్న మనిషి నా సాంచె కుంటుతోందంటాడా? అలాంటిదేం లేదు కాకా, నా సాంచాలు నిక్షేపంగా ఉన్నాయి అన్నాను.

రవి నా చెయ్యి గిల్లాడు. "ఏంది బావా, ఈయనతోనా లడాయి?"

కాకాకు మాత్రం నవ్వు వచ్చినట్టుంది. లేచి, అందరికీ వినపడేలా తీర్పు చెప్పాడు. "నువ్వు పోయి పిక్కర్ విప్పి చూడు. అది బాగుంటే నా చెవులు ముసలివయ్యాయని ఒప్పుకుంటా, కానీ మీరెవరూ ఈ గుట్ట ఎక్కొద్దు. అది చీలి ఉంటే వచ్చే ఏడు రండి. పటం గీసుకోండి. రేపు మాత్రం ఈ మనిషి గుహ దిగడు, నాతో కూర్చుంటాడు. నా నిద్ర చెడింది, నాకు మాట తోడు కావాలి."

అలా ఐదుగురు గుహ దిగారు. నేను కాకా ఇంటి ముందు కూర్చుని, పాత సూరత్ కబుర్లు వింటూ నాగ్లీ, అంటే రాగుల రొట్టెలు తిన్నాను. ఆయన ప్రతి మాటా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదట ఆయనది చిన్న గొంతు అనుకున్నాను.

తిరుగు దారంతా టెంపోలో అందరూ నా వైపే చూశారు. నా అవస్థ మీరే ఊహించుకోండి. సొంత సాంచె చెడిపోయి ఉండాలని దేవుడికి మొక్కుకున్న నేతగాడు భూమ్మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను. తిన్నగా షెడ్డుకే పోయాను. వరసగా రెండు సాంచాల పిక్కర్లు చూశాను, బాగానే ఉన్నాయి; మూడో సాంచె ఆపి పిక్కర్ విప్పాను. దీపం కింద తిప్పి చూశాను.

గోరు పట్టేంత చీలిక ఉంది.

నేను ఆ ముక్కను నెత్తి మీద పెట్టుకుని నాలుగు సాంచాల మధ్య గంతులేశాను. అప్పుడే లోపలికొచ్చిన మా షెడ్డు యజమాని సేఠ్, సామాను పగిలిందని ఆడుతున్న పనివాణ్ణి చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఫోటో తీసి హేతల్‌బెన్‌కు పంపాను. ఆవిడ వెంటనే ఫోను చేసింది గానీ ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

గంతులు అయ్యాక సాంచె పక్కన కూలబడ్డాను. అడవిలో రాయి మీద కూర్చున్న ముసలాయనకు వినిపించిన చీలిక, చేతికందే దూరంలో నెలల తరబడి నిలబడ్డ నాకు ఎందుకు వినిపించలేదు? అప్పుడు భయం వేసింది. నిజంగా భయం వేసింది. ఆ వారమే చెవుల డాక్టరు దగ్గరికి పోయాను. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకో అన్నాడాయన. చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిరడాలు ఇచ్చాడు. షెడ్డులో మొదటి రోజు అందరూ నవ్వారు. నేను పిక్కర్ కథ చెప్పాను. నెల తిరిగేసరికి మా వరసలో సగం మంది చెవుల్లో బిరడాలు కనిపించాయి.

మరుసటి ఏడు గుట్ట ఎక్కాం. ఆ రాత్రి నిద్ర కొంచెం ఆలస్యంగానే అయినా, ఏ చప్పుడూ లేకుండానే పట్టింది. పొద్దున తాడు మీద దిగాను. లోపల హేతల్‌బెన్ అందరి దీపాలూ ఆర్పించింది. ఎక్కడో ఒక నీటి చుక్క పడింది. అది నాకు వినపడింది. ఎంత సంబరపడ్డానంటే, వినపడిందని అక్కడే అరిచాను. గుహంతా నాలుగుసార్లు అదే మాట తిరిగి చెప్పింది.

పైకి వచ్చేసరికి సోమాకాకా రాయి మీద కూర్చుని ఉన్నాడు. కొత్త పిక్కర్ వేసిన సాంచాల మోత తెచ్చావా అని అడిగాడు. పట్టపగలే కదా అని పెట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు, తల ఊపాడు. హమ్మయ్య అనుకున్నాను.

"మూడోది బాగైంది," అన్నాడు. "రెండోదానికి నూనె ఎప్పుడు వేశావు?"

కాబట్టి పాఠక మహాశయులారా, అగ్గి సాక్షిగా, గాలి సాక్షిగా, నా రెండు బిరడాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నిద్ర పట్టినా పట్టకపోయినా, నాలుగు సాంచాలకూ ముందు రోజు నూనె వేసుకోకుండా వాటి మోతను ఏ అడవికీ పట్టుకుపోను.