జబల్ అఖ్దర్‌కు అరవై ట్యులిప్ దుంపలు

కిందటి చలికాలం మస్కట్‌లోని బౌషర్‌లో ఒక ఇంటికి ఏసీ బాగుచేయడానికి వెళ్లినప్పుడు, ఆ ఇంట్లో ఉన్న పెద్దాయన ఖమీస్ ఫోన్లో ట్యులిప్ పూల ఫొటో చూపించి, ఇవి మా కొండ మీద పూస్తాయా అని అడిగాడు. ఆయన పొలం జబల్ అఖ్దర్ అనే ఆ కొండ మీద, సైక్ ఊరి దగ్గర. పూస్తాయన్నాను. పూల పని నాకు ఎవరూ నేర్పలేదు, మా మేడ మీద కుండీల్లో చెడగొట్టుకుంటూ నేర్చుకున్నదే. ఆ ఒక్క మాట నమ్మి ఆయన ఈ ఏడు వెల్లుల్లి వేసే మడిని ఖాళీగా ఉంచాడు. అందుకే డిసెంబర్ చివర ఈ ప్రయాణం.

ట్యులిప్ దుంపకు దాదాపు మూడు నెలల చలి తగలకపోతే ఆకులొస్తాయి గాని పువ్వు సరిగా రాదు. మస్కట్‌లో ఆ చలి ఫ్రిజ్‌లోనే దొరుకుతుంది. అక్టోబర్ మొదట్లో అరవై దుంపలను నాలుగు కాగితపు సంచుల్లో పోసి, రెండు పై అరలోనూ రెండు కింది డ్రాయర్‌లోనూ పెట్టాను. రోజూ డ్యూటీకి వెళ్లేముందు డిగ్రీలు చూసి పుస్తకంలో రాశాను. ఐదు, ఐదు, ఆరు, ఐదు. బయలుదేరే రోజు తెల్లవారుజామున సంచులు తీస్తుంటే డ్రాయర్‌లో వార్తాపత్రిక కింద డజను యాపిల్స్ కనిపించాయి. మెత్తబడి మగ్గిన వాసన వేస్తున్నాయి. మగ్గే పండు వదిలే గాలి దుంప లోపలి మొగ్గను చంపేస్తుంది. పైకి దుంప మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఆ పండ్లు నా రూమ్‌మేట్ మస్తాన్‌వి. కడప మనిషి, నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. నా కోసం సెలవు పెట్టి, అద్దెకు తెచ్చిన ఫోర్ వీల్ డ్రైవ్ బండి నడపడానికి కింద ఎదురుచూస్తున్నాడు. యాపిల్స్ మాట ఎత్తకుండా సంచులను ఐస్‌బాక్స్‌లో సర్దుకుని దిగాను.

ఐదున్నరకు బయలుదేరాం. బండి అద్దె రోజుకు ఇరవై ఐదు రియాల్స్. సమాయిల్ దాటి ఇజ్కీలో టీ, పరోటాలకు ఆగితే ఇద్దరికీ రియాల్ కూడా కాలేదు. నా చూపంతా గడియారం మీదే ఉంది. కొండ మీది మడులకు ఫలజ్ అనే ఊరుమ్మడి కాలువ నుంచి వంతు ప్రకారం నీళ్లు వదులుతారు. ఖమీస్ వంతు ఆ రోజు పదింటికి, మళ్లీ వారానికే.

"ఏందన్నా, పెండ్లికి పిలవని సుట్టం మాదిరి మొగం పెట్టుకున్నావు? నా డ్రైవింగ్ మీద నమ్మకం ల్యాదా?" అన్నాడు మస్తాన్. నిద్ర చాలలేదన్నాను.

కొండ మొదట్లో ఉన్న బిర్కత్ అల్ మౌజ్ చెక్‌పోస్టు దగ్గర పోలీసు లైసెన్సు చూసి, వెనకున్న ఐస్‌బాక్స్ తెరవమన్నాడు. ఒక దుంప అరచేతిలో పెట్టుకుని ఉల్లిగడ్డలా అని అడిగాడు. పువ్వులన్నాను. మరి వంటకు పనికిరావా అన్నాడు. అక్కడ పది నిమిషాలు పోయాయి. అక్కడి నుంచి నిటారు ఘాట్ రోడ్డు. చెవులు మూసుకుపోయాయి. తొమ్మిదింపావుకు చేరాం. గాలి ఏడు డిగ్రీలు.

ఖమీస్ మడి తవ్వి, పశువుల ఎరువు కలిపి సిద్ధంగా ఉంచాడు. గట్టు మీద గుడ్డ కప్పిన గిన్నె ఒకటి ఉంది. నా చేతికి పార అందించాడు. అన్నీ నాటేస్తే మార్చి దాకా ఎవరికీ ఏమీ తెలియదు. అప్పుడు పువ్వు రాకపోతే తప్పు ఎండ మీదికో నీళ్ల మీదికో నెట్టేయవచ్చు. ఆ ఆలోచన నాకు వచ్చింది. పార కింద పెట్టి, వచ్చీరాని హిందీలో చెప్పాను.

"చాచా, వీటిలో కొన్ని లోపల చచ్చిపోయి ఉండొచ్చు. పండ్ల పక్కన ఉన్నాయి. నేను చూసుకోలేదు."

మస్తాన్ నా వైపు తిరిగాడు. "నా యాపిల్సేనా? పొద్దున్నుంచి కడుపులో పెట్టుకొని కూసున్నావా? సెప్పుంటే నాలుగు తిట్లు తినేవాణ్ణి గదన్నా, పోయేదేముంది?"

ఖమీస్ నడుము దగ్గరి కత్తి తీసి ఇచ్చాడు. నన్ను సదీఖ్, అంటే మిత్రమా, అనే పిలుస్తాడు. "కోసి చూడు, సదీఖ్. మేకను కొనేటప్పుడు పళ్లు చూడమా?"

సంచికొకటి చొప్పున నిలువుగా కోశాను. డ్రాయర్‌లో ఉన్న రెండు సంచుల దుంపల్లో మొగ్గ గోధుమరంగుకు తిరిగి ఎండిపోయింది. తర్వాత పై అర సంచుల్లోవి కోశాను. రెండింటిలోనూ నడిమధ్య లేతపచ్చగా, బియ్యపుగింజంత మొగ్గ. ఇరవై ఎనిమిది మిగిలాయి. మొన పైకి ఉండేలా జానెడు లోతున నాటాం. సగం మడి ఖాళీ. అప్పుడు ఖమీస్ గిన్నె మీది గుడ్డ తీశాడు. వెల్లుల్లి రెబ్బలు. నేను రాకపోతే వేద్దామని ఉంచినట్టు చెప్పి, మిగతా సగంలో తానే గుచ్చుకుంటూ పోయాడు. వెల్లుల్లికి ఆలస్యమైంది, గడ్డ రాకపోయినా ఆకైనా తింటామన్నాడు. చివరి రెబ్బ గుచ్చుతుండగా కాలువలో నీళ్ల చప్పుడు వినిపించింది.

ఎనభై రోజులకు పైగా నేను డిగ్రీలు రాశాను, కింది డ్రాయర్ తెరిచి చూసింది లేదు. రాయడాన్నే చూడడం అనుకున్నాను. జనవరి చివర ఖమీస్ ఒక ఫొటో పంపాడు. మడి పొడవునా పచ్చటి మొనలు. ఏ సగం పువ్వులో ఏ సగం వెల్లుల్లో ఫొటోలో తేలలేదు. చూడటానికి మార్చిలో వెళ్తున్నాం. మీరూ దుంపలు తీసుకుని కొండెక్కేవాళ్లయితే, మూడు నెలలూ ఆ ఫ్రిజ్‌లో ఒక్క పండు కూడా ఉండనివ్వకండి. బయలుదేరే ముందు సంచికొక దుంప కోసి చూసుకోండి.