గ్లాసుడు బియ్యం కడుగు

మా అత్తగారి హస్తవాసి మంచిదని తెనాలిలో వాళ్ళ వీధివాళ్ళందరికీ నమ్మకం. ఎవరు కొత్త మొక్క తెచ్చుకున్నా ముందు ఆవిడని పిలిచి, ఆవిడ చేత్తోనే పాతించుకునేవారు. ఆ మాట విని నేను నవ్వేవాణ్ణి. డ్రెస్డెన్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుని. ఒళ్ళంతా కప్పే తెల్ల సూటు వేసుకుని, గాలిలో ధూళిని కూడా లెక్కపెట్టే చోట పనిచేసేవాడికి మట్టి అన్నా, హస్తవాసి అన్నా ఏం గౌరవం ఉంటుంది?

అందుకే మా నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో మట్టి లేకుండా గోంగూర వేశాను. ఒక ప్లాస్టిక్ తొట్టి, దాని మూతకి కన్నాలు, కన్నాల్లో స్పాంజి ముక్కలు, వాటిలో మొలకలు. వేళ్ళు కిందికి, పోషకాలు కలిపిన నీళ్ళలోకి వేలాడేవి. రోజూ ఆఫీసుకి వెళ్ళేముందు పీహెచ్ మీటరు ముంచి చూసేవాణ్ణి. అంకె ఎక్కువగా ఉంటే దాన్ని దించడానికి నాలుగు చుక్కలు యాసిడ్ కలిపేవాణ్ణి. మా ఆవిడ నన్ను గోంగూర సైంటిస్టు అనేది. నాకది బాగానే ఉండేది.

మొలకలు వేలెడు ఎత్తున్నప్పుడు అత్తగారు మూడు నెలల వీసా మీద వచ్చారు. మేమిద్దరం ఆఫీసులకి వెళ్ళిపోతే ఆవిడకి తోచేది కాదు. ఆ తొట్టి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవారు.

"మట్టి లేకపోతే వేళ్ళకి ఆసరా ఏముంటుంది బాబూ?" అని ఒకసారి అడిగారు. నేను పావుగంట పాఠం చెప్పాను. పాపం, శ్రద్ధగా విన్నారు.

నెల తిరిగేసరికి ఆకులు పండుబారి రాలడం మొదలైంది. మూత ఎత్తి చూస్తే వేళ్ళు గోధుమరంగుకి తిరిగి జిగటగా ఉన్నాయి. ఇందులో ఎవరైనా ఏమైనా పోశారా అని అడిగాను.

"మొన్న గ్లాసుడు బియ్యం కడుగు పోశానండీ. ఉత్త నీళ్ళలో నీరసంగా కనబడితేనూ..." అన్నారు అత్తగారు.

ఇంటిదగ్గర ఏ మొక్కకైనా ఆవిడ ఇచ్చే మొదటి బలం ఆ బియ్యం కడిగిన నీళ్ళే. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఒళ్ళు మండింది. "మీ చెయ్యి తగలకపోతే ఇవి బతికేవి అత్తయ్యగారూ" అన్నాను. అరవలేదు, మెల్లగానే అన్నాను. అరిచినా బాగుండేది. ఆవిడ చేతులు కొంగులో చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మిగిలిన రెండు నెలలూ అత్తగారు తొట్టి ఛాయలకి రాలేదు. కుర్చీ వంటగదిలోకి మారిపోయింది.

ఆవిడ వెళ్ళాక మళ్ళీ విత్తనాలు వేశాను. నెలకల్లా మళ్ళీ అవే పండుటాకులు, అవే జిగట వేళ్ళు. ఈసారి కడుగు పోసినవాళ్ళెవరూ లేరు. అనుమానం వచ్చి, పీహెచ్ సరిగ్గా ఏడుండే పరీక్ష ద్రావణం కొని తెచ్చి మీటరుని అందులో ముంచాను. తొమ్మిది చూపించింది. అది ఎక్కువ చూపిస్తుంటే నమ్మి, నేను రోజూ యాసిడ్ పోసి వేళ్ళని కాల్చేశాను. ఫ్యాక్టరీలో ప్రతి వారం మీటర్లు సరిచూసేవాణ్ణి, ఇంట్లోదాన్ని కొన్నాక ఒక్కసారి కూడా సరిచూడలేదు.

ఆ రోజే ఫోన్ చెయ్యాల్సింది. సిగ్గేసింది. అల్లుడిననే బెట్టు కూడా ఉంది, దాచడమెందుకు. కొత్త మీటరు కొన్నాను. గోంగూర ఏపుగా వచ్చింది. మా ఆవిడ ఫోటో పంపితే, "మీ ఆయన చెయ్యి మంచిది" అని అత్తగారు జవాబు పంపారు. ఆ గోంగూర పచ్చడి నేను వడ్డించుకోలేదు. అయినా ఇంకో ఏడాది నోరు విప్పలేదు.

కిందటి ఆదివారం అత్తగారికి ఫోన్లో మొత్తం చెప్పాను.

"అయితే ఆ కడుగు వల్ల కాదన్నమాట" అన్నారు.

"కాదండి. తప్పు నాది. మిమ్మల్ని అనకూడని మాట అన్నాను."

"పోనీలెండి బాబూ. అప్పుడే చెప్పుంటే బాగుండేది. ఊరొచ్చిన వారంలోనే కుండీలన్నీ పక్కింటావిడకి ఇచ్చేశాను. నా దగ్గరుంటే చచ్చిపోతాయేమోనని."

మళ్ళీ తెచ్చుకోమన్నాను. చూద్దాంలెండి అని, ఫోన్ వాళ్ళమ్మాయికి ఇమ్మన్నారు.