చీటీలో ఒక్క పేరే

చిన్న మంగళారం చర్చిలో ఆదివారం ఆరాధన ఎంత ఆలస్యంగా మొదలైనా ఒక పని మాత్రం ఏ వారమూ తప్పదు. గుమ్మం దగ్గరి చెక్కపెట్టెలో విశ్వాసులు వేసిన ప్రార్థన చీటీలను సంఘపెద్ద స్వామిదాసు మైకు ముందు నిలబడి ఒక్కొక్కటే చదువుతాడు. ఒకరికి మోకాళ్ల నొప్పి, ఒకరికి కొడుకు ఉద్యోగం, ఇంకొకరికి బోరులో నీళ్లు. అవన్నీ అయ్యాక గొంతు సవరించుకుని, కాస్త జాలి కలిపి చదివే చీటీ ఒకటుంది. "సహోదరి కృపాజ్యోతి గర్భఫలం కొరకు." చర్చి పైన రెండు పెద్ద స్పీకర్లు ఉన్నాయి. అందువల్ల చర్చికి రానివాళ్లు, అవతల టమాటా చేలో కలుపు తీసేవాళ్లు కూడా కృపాజ్యోతి కడుపు కబురు వారం వారం తాజాగా అందుకునేవారు.

ఆ చీటీ రాసేది ఆమె అత్త ప్రేమమ్మ. ఆవిడ స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. కొడుకు పెళ్లయిన ఏడాదికి మొదలుపెట్టి ఐదేళ్లుగా ఒక్క వారం కూడా మానలేదు. మధ్యలో టైఫాయిడ్ వచ్చి మంచాన పడితే, తన జ్వరం సంగతి రాయడం మరిచిపోయింది కానీ కోడలి చీటీ మాత్రం రాసి పక్కింటామె చేతికిచ్చి పంపింది. ఇంత శ్రద్ధగల అత్త దొరకాలంటే పెట్టి పుట్టాలని సంఘంలో చాలామంది అన్నారు. కృపాజ్యోతి తల ఊపింది. ఆ మాటకు తల ఊపడం తప్ప ఇంకేం చేయొచ్చో ఆమెకు తోచలేదు.

కృపాజ్యోతికి ముప్పై ఒక్క ఏళ్లు. మొయినాబాద్‌లో ఒక సూపర్‌మార్కెట్‌లో బిల్లు కౌంటరు దగ్గర పని. డైపర్ల ప్యాకెట్టు బిల్లు చేయించుకుంటూ, "నీకింక ఏం విశేషం లేదా బిడ్డా?" అని అడిగేవాళ్లు రోజుకు ఇద్దరైనా ఉంటారు. సలహాలకైతే కొదవే లేదు. ఒకామె మెంతులు నానబెట్టి తినమంది, ఇంకొకామె మెంతులు ముట్టుకోవద్దంది. పక్కింటి అరుణమ్మ ఒక రోజు గోడ మీదుగా తొంగిచూసి, "చిల్కూరు బాలాజీ గుడికి పోయి పదకొండు చుట్లు తిరిగి రారాదు? మీరు చర్చోళ్లని దేవుడు గేటు కాడ అడుగడు తియ్" అంది. పాస్టరయ్య తొంభై ఏళ్లకు కన్న తల్లుల మీద ప్రసంగం చేశాడు. ఆ లెక్కన తనకింకా యాభై తొమ్మిదేళ్ల గడువు ఉందని కృపాజ్యోతి మనసులో అనుకుంది.

ఇక భర్త ఎలీషా. దొంతన్‌పల్లి యూనివర్సిటీలో బస్సు డ్రైవరు. మంచివాడు. ఊరంతా ఆ మాటే అంటుంది కాబట్టి కృపాజ్యోతి కూడా కాదనలేని పరిస్థితి. తాగడు, అరవడు, జీతం తెచ్చి ఇంట్లో ఇస్తాడు. అర కిలోమీటరు దూరంలో గేదె కనిపించినా బ్రేకు మీద కాలు పెడతాడు. అంత చూపున్న మనిషికి పక్కనే కూర్చున్న పెళ్లాం ఐదేళ్లుగా చెబుతున్న ఒక్క మాట మాత్రం వినపడలేదు. ఆ మాట, "నువ్వు గూడ ఒకసారి టెస్టు చేయించుకోరాదు?"

ఆమె చేయించుకోని పరీక్ష లేదు. రక్తం ఇచ్చింది. నెల నెలా స్కాను బల్ల మీద పడుకుంది. ట్యూబుల పరీక్ష రోజు నొప్పికి పెదవి కొరుక్కుంటే రక్తం వచ్చింది. ఆ సాయంత్రమే కౌంటరు దగ్గర డ్యూటీ చేసింది. రెండేళ్ల కింద చేవెళ్ల డాక్టరమ్మ రిపోర్టులన్నీ ముందు పెట్టుకుని, "నీ దగ్గర ఏ ప్రాబ్లం లేదమ్మా. ఇంక మీ ఆయనది చూడాలె" అని, ఆయన శాంపిల్ తేవడానికి ఎర్రమూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టింది.

ఆ డబ్బాను కృపాజ్యోతి జాగ్రత్తగా తెచ్చి ఎలీషాకు చూపించింది. ఎలీషా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బీరువా మీద పెట్టి, "ఈ వారం డ్యూటీ టైట్ ఉన్నది" అన్నాడు. తర్వాత యూనివర్సిటీలో పరీక్షలొచ్చాయి. ఆ తర్వాత అడ్మిషన్లు. పిల్లలకు సెలవులిచ్చినప్పుడు బస్సు సర్వీసింగు. విద్యార్థుల పరీక్షలు పదిహేను రోజుల్లో అయిపోయేవి, ఎలీషా తప్పించుకున్న పరీక్ష ఒక్కటే రెండేళ్లు నడిచింది.

ఈ మార్చిలో డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. ఆమెలో గుడ్లు తగ్గుతున్నాయట. "ఇంకో రెండేండ్లు గిట్లనే కూసుంటే నేను గూడ ఏం చెయ్యలేను. ఒక్కదానివే రాకు ఇగ" అంది. కృపాజ్యోతి ఆటోలో ఇంటికొచ్చేసరికి అక్కడ గృహకూడిక, సంఘం వాళ్లు ఇంట్లో చేసుకునే ప్రార్థన. పాస్టరయ్య, స్వామిదాసు, ఇంకో పది మంది. అందరికీ టీ కావాలి. కృపాజ్యోతి స్టవ్ మీద గిన్నె పెట్టింది. ప్రేమమ్మ వంటింట్లోకొచ్చి అటక మీది నుంచి ఒక డబ్బా తీసి, ఎర్రమూత తిప్పి, రెండు ఇలాచీలు దంచి టీలో వేసింది.

"గిది ఏడిది అత్తమ్మా?"

"బీరువ మీద ఊకెనే పడున్నది. మూత మంచిగ గట్టిగున్నది, వాసన పోతలేదు. ఏడాది నుంచి గిండ్లనే పోస్తున్న."

కృపాజ్యోతికి నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. పాస్టరయ్య మాత్రం టీ చాలా బాగుందని రెండో కప్పు అడిగాడు.

అందరూ వెళ్లిపోయాక ఆమె ఎలీషా ముందు ఆ డబ్బాను ఇలాచీలతో సహా పెట్టింది. "మళ్ల ఆదివారం లోపట నువ్వు దవాఖానకు రాకపోతివి అనుకో, సాక్ష్యాల టైముల నేను లేస్త. ఈ డబ్బ పట్టుకొని మైకుల చెప్త. ఐదేండ్ల సంది మొగడు టెస్టుకు వస్తలేడు, ఆయనకు ధైర్యం రావాలని ప్రార్థన చెయ్యుండ్రి అంట."

ఎలీషాకు సాక్ష్యాల సంగతి తెలుసు. దేవుడు చేసిన మేలు చెప్పుకోవడానికి ఆరాధనలో ఇచ్చే ఆ పావుగంట ఎవరు లేచి నిలబడ్డా మైకు ఇవ్వాల్సిందే, మధ్యలో ఆపకూడదు. ఒకసారి ఒకాయన తన తమ్ముడి తాగుడు మీద ముప్పావు గంట సాక్ష్యం చెప్పాడు. "బేస్తవారం సెలవు పెడ్త" అన్నాడు. ఐదేళ్లు దొరకని సెలవు ఐదు నిమిషాల్లో దొరికింది.

గురువారం చేవెళ్ల దవాఖానలో నర్సు కొత్త డబ్బా ఇచ్చి బాత్రూము చూపించింది. దాని గొళ్లెం విరిగిపోయింది. తలుపుకు కృపాజ్యోతి వీపు ఆనించి నిలబడింది. లోపల ఆయన ఉన్నంతసేపూ ఆమె ఎదురుగా గోడ మీద నవ్వుతున్న పసిపిల్లల బొమ్మలే చూసింది. ఎలీషా బయటికి వచ్చి డబ్బాను రుమాల్లో చుట్టి నర్సు కోసం వెతుకుతుండగా, బెంచీ మీద అరుణమ్మ కొడుకు పాండు కనిపించాడు. వార్డు మెంబరు, పెళ్లై మూడేళ్లు. అతని చేతిలో కూడా రుమాల్లో చుట్టిన డబ్బా ఉంది.

ఇద్దరూ కాసేపు ఒకరి రుమాలు ఒకరు చూసుకున్నారు.

"ఏందన్నా గిట్లొచ్చినవ్?" అన్నాడు పాండు.

"షుగర్ టెస్టు" అన్నాడు ఎలీషా.

"నాది గూడ షుగరే" అన్నాడు పాండు.

అంతలో నర్సు వచ్చి, హాలంతా వినపడేలా, "పిల్లల టెస్టు శాంపిల్ ఇచ్చేటోళ్లు ఇట్ల రాండ్రి!" అంది. రెండు షుగర్లూ లేచి ఆమె వెనక నడిచాయి.

రిపోర్టు శుక్రవారం సాయంత్రం వచ్చింది. డాక్టరమ్మ దాన్ని చూసి, కౌంటు బాగా తక్కువ ఉందని, కదలిక కూడా సరిగా లేదని చెప్పింది. మళ్లీ ఒకసారి పరీక్ష చేయాలి, ఒక స్కాను తీయాలి, మూడు నెలలు మందులు వాడాలి. అప్పటికీ మారకపోతే పట్నంలో వేరే దారులున్నాయి. "భయపడేది ఏం లేదు బాబూ. నాలుగేండ్ల కిందనే వచ్చి ఉంటే ఇంక మంచిగుండేది" అంది. ఎలీషా మందుల చీటీని నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకున్నాడు.

బండి మొయినాబాద్ దాటింది. ఎలీషా వెనక్కి తిరగకుండానే అన్నాడు. "జ్యోతీ, అవ్వకు చెప్పకు. ఎవ్వలకు చెప్పకు. ఇజ్జత్ పోతది."

కృపాజ్యోతికి ఒళ్లు మండింది. బండి మీది నుంచి దూకాలనిపించింది. ఐదేళ్లు, రెండు స్పీకర్లు, టమాటా చేను దాకా తన కడుపు. ఆయనదేమో కన్నతల్లి చెవిన కూడా పడకూడదు. ఇజ్జత్ అనేది మగవాళ్లకు పుట్టుకతో వచ్చే అవయవం కాబోలు.

"నేను చెప్ప" అంది. "నువ్వే చెప్పాలె. ఆదివారం దాంక చూస్త."

శనివారం ఎలీషా అన్నం సరిగా తినలేదు. ఆమె అడగలేదు. జాలి వేసింది, కానీ ఆ జాలిని గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు తను మెత్తబడితే ఆ మాట ఇంక ఎప్పటికీ ఆ ఇంటి గడప దాటదని ఆమెకు తెలుసు.

ఆదివారం చర్చి నిండుగా ఉంది. స్వామిదాసు మోకాళ్లు, ఉద్యోగాలు, బోర్లు పూర్తిచేసి గొంతు సవరించుకున్నాడు. "సహోదరి కృపాజ్యోతి గర్భఫలం కొరకు." ముందు వరసలో ప్రేమమ్మ అందరికంటే గట్టిగా ఆమేన్ అంది. కృపాజ్యోతి మగవాళ్ల వైపు చూసింది. ఎలీషా తల దించుకుని చాప ఈనెలు పీకుతున్నాడు. అయిపోయింది, ఇక తనే లేవాలి అనుకుంది. ఒడిలోని సంచిలో ఎర్రమూత డబ్బా ఉంది.

స్వామిదాసు చేతిలో ఇంకో చీటీ మిగిలింది. అది బస్సు ట్రిప్ షీటు వెనక రాసిన కాగితం. కృపాజ్యోతి దాన్ని దూరం నుంచే గుర్తుపట్టింది.

"సహోదరుడు ఎలీషా..." అని మొదలుపెట్టిన స్వామిదాసు ఆగాడు. కళ్లద్దాలు సర్దుకుని మిగతాది తనలో తాను చదువుకున్నాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఇది ఆయన సొంత విషయం. మైకుల చదివేది గాదు. మనసులనే ప్రార్థన చేద్దాం" అన్నాడు. ఐదేళ్లలో ఆయనకు సొంత విషయం అనే మాట గుర్తుకు రావడం అదే మొదటిసారి.

కృపాజ్యోతి లేచి నిలబడింది.

"చదువుండ్రి పెద్దయ్యా. నాది ఐదేండ్లు చదివిండ్రు. ఒక్కనాడన్న సొంత విషయం అనిపియ్యలేదా మీకు?"

స్వామిదాసు పాస్టరయ్య వైపు చూశాడు. పాస్టరయ్య తన పుస్తకం వైపు చూశాడు. అప్పుడు మగవాళ్లలోంచి ఎలీషా లేచాడు.

"చదువుండ్రి. నేనే రాసిన."

స్వామిదాసు జేబులోంచి కాగితం తీసి, జాలి కలపడం మరిచిపోయి, గబగబా చదివాడు. "సహోదరుడు ఎలీషా. టెస్టు చేయించుకున్న. లోపం నాలనే ఉన్నదని తేలింది. మందులు మొదలైనయి. ఇకమీదట నా భార్య పేరు చదువవద్దు. నా కొరకు ప్రార్థన చెయ్యగలరు."

ఆమేన్ అన్నవాళ్లు నలుగురో ఐదుగురో. అందులో ప్రేమమ్మ లేదు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ప్రేమమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. ముఖం చిన్నబోయింది. "నాకు ముందుగాల చెప్పొద్దా బిడ్డా?"

"రెండేండ్ల కిందనే డబ్బ తెచ్చి పెట్టిన అత్తమ్మా. నువ్వు ఇలాచీలు పోస్తివి."

ప్రేమమ్మ ఆ చెయ్యి వదల్లేదు. కృపాజ్యోతి కూడా విడిపించుకోలేదు.

అవతల ఎలీషా చుట్టూ జనం చేరారు. ఒకాయన అశ్వగంధ అంటున్నాడు, ఇంకొకాయన మేక పాయా అంటున్నాడు. డ్రైవరు సీటు వేడికే ఇదంతా అని మూడో ఆయన తేల్చేశాడు. కలుపు ఆపి గట్టు మీద నిలబడ్డ ఆడవాళ్లు కూడా ఆయన వైపే చూస్తున్నారు. పెళ్లైన ఆరేళ్లలో ఆ వాకిట్లో ఎవరూ కృపాజ్యోతి కడుపు వైపు చూడని ఆదివారం అదొక్కటే.

ఎలీషా ఎలాగో వాళ్లలోంచి బయటపడి బండి దగ్గరికి వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. తాళం చెవి పెట్టబోయి ఆగి, మొదటిసారి ఆమె కళ్లలోకి చూసి అడిగాడు.

"జ్యోతీ, గిట్ల ఎన్ని రోజులు అడుగుతరు వీళ్లు?"

"ఏమో" అంది కృపాజ్యోతి, బండి ఎక్కుతూ. "నన్నైతే ఐదేండ్లు అడిగిండ్రు."