గోరీల దగ్గర పిలిస్తే పలకొద్దు

నా పేరు నేను మొదటిసారి కూడబలుక్కుని చదివింది పలక మీద కాదు, గోరీ మీద. అప్పుడు నాకు ఏడేళ్ళు.

కోయిలకుంట్లలో పొద్దున బండి కడితే మధ్యాహ్నానికి చేరే పల్లె మాది. నల్లరేగడి, జొన్నచేలు, నాపరాళ్ళతో కట్టిన చిన్న చర్చి. మా అబ్బ, అంటే నాయనకు తండ్రి, ఆ చర్చికి ఉపదేశి. పాదిరి అయ్యగారు మూడు నెలలకొకసారి గుర్రం మీద వచ్చిపోయేవాడు. తక్కిన రోజుల్లో ప్రార్థన చెప్పడం, పిల్లలతో అక్షరాలు దిద్దించడం, పుట్టినవాళ్ళనూ పోయినవాళ్ళనూ సంఘం పుస్తకంలో రాయడం అబ్బ పనే. మనిషి మాత్రం నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు.

ఈస్టరుకు ముందురోజు ఆడవాళ్ళు గోరీలకు సున్నం కొట్టేవాళ్ళు. దానికొక కట్టడి ఉండేది. గోరీల నడుమ ఉన్నంతసేపు ఎవరు పేరు పెట్టి పిలిచినా పలకగూడదు. పనుంటే దగ్గరికి పోయి భుజం తట్టాలి. అయ్యగారి ముందు మాత్రం ఈ మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. యేసు లేచినాడని నమ్మేదీ మేమే, తక్కినవాళ్ళు ఎక్కడ లేస్తారోనని భయపడేదీ మేమే!

ఆ ఏడు మిట్టమధ్యాహ్నం అమ్మ వెనకాలే సున్నం కుండ మోసుకుని పోయాను. ఎండకు రాళ్ళు కాలుతున్నాయి, ఒక్క పిట్ట కూడా అరవడం లేదు. జానెడు వెడల్పున్న చిన్న నాపరాయి ముందు అమ్మ కూర్చుంది. దాని మీద చెక్కిన అక్షరాలు ఒక్కొక్కటే కలుపుకున్నాను. నా పేరే.

అమ్మ ఆ రాయిని అరచేత్తో తుడిచి, నా పేరు పెట్టి పిలిచి, "ఎండ శానా ఉండాది కదమ్మే, తాళుకుంటాండావా?" అంది.

"ఓ" అన్నాను, అలవాటుగా.

ఒట్టు పెట్టి చెబుతున్నాను, ఆ క్షణాన నాతోపాటు ఇంకొక గొంతు కూడా "ఓ" అంది. నా గొంతులాంటిదే, కొంచెం కిందినుంచి. అమ్మ గిరుక్కున తిరిగింది. చెంప చెళ్ళుమనిపించింది. "ఈడ పిలిస్తే పలకొద్దని చెప్పలేదా? నిన్ను కాదు పిలిచింది!"

ఆ సాయంత్రమే నాకు జ్వరం వచ్చింది. పదిరోజులు అమ్మ నా మంచం దిగలేదు. లేచాక అడిగితే, "అది మీ చిన్నమ్మ బిడ్డ గోరీలే" అంది. నువ్వు పుట్టిన నెలలోనే మీ చిన్నమ్మకూ ఆడపిల్ల పుట్టింది, ఇద్దరికీ మీ నాయనను కన్న జేజి పేరే పెట్టినాం, మీకు రెండు నెలలప్పుడు విషజ్వరం వచ్చి చిన్నాయన, చిన్నమ్మ, ఆ బిడ్డ ముగ్గురూ పోయినారు అని చెప్పింది. మరి చిన్నమ్మ గోరీకి ఒక్క పూత పూసి, ఆ చిన్న రాయికి మాత్రం మూడు పూతలు ఎందుకు పూస్తావని నేను అడగలేదు. చెంపదెబ్బ మీది కోపం నాకింకా పోలేదు. మనసులో మాత్రం ఒక ముల్లు దిగింది. నేను ఈమె బిడ్డనేనా?

ఆ ముల్లు నాతోపాటే పెరిగింది. పదిహేడో ఏట నాకు నందికొట్కూరు సంబంధం కుదిరింది. చర్చిలో పెండ్లి ప్రకటన చదవాలంటే తల్లిదండ్రుల పేర్లు చూడాలని కొత్త అయ్యగారు సంఘం పుస్తకం తెరిచాడు. చూసి, తలెత్తి, ఎదురుగా నిలబడి ఉన్న నన్ను చూశాడు.

"ఈ పేరుతో బాప్తిస్మాలు రెండున్నాయి, మరణం ఒకటుంది. మరణం దగ్గర తండ్రి పేరు రాయలేదు. పోయింది ఎవరి బిడ్డ?"

అబ్బకు అప్పటికి చూపు మందగించింది. గోడకు ఆనుకుని కూర్చున్నవాడు పుస్తకం వైపు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. నాది పెండ్లి ఆగిపోతుందన్న భయం కాదు, అమ్మ పరాయిదైపోతుందన్న భయం.

"పెద్దకొడుకు గనిలో పనికి పోయిండె. పెద్దకోడలు జ్వరంతో నాలుగు దినాలు తెలివి లేకుండా పడి ఉండె" అన్నాడు చివరికి. "పోయింది ఆమె బిడ్డ. లేస్తానే గుండె పగిలి చస్తాదని, చిన్నోళ్ళ బిడ్డ బతికింటే దాన్ని ఆమె చేతిలో పెట్టి, నీ బిడ్డే అని చెప్పినా. నోటితో అబద్ధం చెప్పినా గానీ, దేవుని పుస్తకంలో రాసేకి చెయ్యి రాలేదయ్యా."

నా వెనక నిలబడి ఉన్న అమ్మ కొంగు సవరించుకుని ముందుకొచ్చింది.

"మీరు చెప్పిన దినమే నాకు తెలుసు మామా. నా బిడ్డకు ఎడమ చెవి కింద మచ్చ ఉండె. మీరిచ్చినదానికి లేదు. పాలకు ఏడుస్తాండె, ఇచ్చినా. నిజం చెప్తే దాన్ని తీసి ఇంకెవురి చేతిలో పెడతారో అని నోరు మూసుకున్నా."

అబ్బ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఒకరికి తెలియకూడదని ఒకరు పదిహేడేళ్ళు ఒకే ఇంట్లో మోసిన బరువు అది.

"పండుకున్నదానికీ మా ఆయన పేరే రాయండయ్యా, నిలబడినదానికీ ఆ పేరే చదవండి" అంది అమ్మ. అయ్యగారు ఇంకేమీ అడగకుండా కలం తీసుకున్నాడు.

ఇంటికి పోయే దారి గోరీల నడుమనుంచే. అమ్మ ముందు నడుస్తోంది, నేను వెనక. ఆ చిన్న రాయి దగ్గరికి వచ్చేసరికి అమ్మ నా పేరు పెట్టి పిలిచింది. నేను పలకలేదు. పదేళ్ళ అలవాటు, పైగా ఆ పిలుపు ఎవరికో ఇప్పుడు నాకు తెలుసు. తల వంచుకుని నిలబడ్డాను.

అమ్మ మళ్ళీ పిలిచింది. ఈసారి వెనక్కి తిరిగి, నా ముఖంలోకి చూస్తూ.

"నిన్నేమ్మే. పలకవేమి?"

"ఓ అమ్మా" అన్నాను.

చెవులు రిక్కించి విన్నాను. నా గొంతు ఒక్కటే వినిపించింది.