కోతి గుంపు, ఒంటి తుమ్మెద

మా వసారా దూలానికి తుమ్మెద బొక్క పెట్టింది. కింద ఎప్పుడూ సన్నటి చెక్కపొట్టు రాలి ఉంటుంది. ఒక్కతే వస్తుంది, ఒక్కతే పోతుంది. ఊరికి తెలియకుండా ఇంటి దూలాన్ని తొలిచే దాన్ని నేను ఏనాడూ నమ్మలేదు. కోతులు అలా కాదు. గుట్ట దిగాయంటే పెంకులు కదులుతాయి, కుక్కలు మొరుగుతాయి, వీధంతా కర్రలు పట్టుకుంటుంది. ఈ వయసులో అక్షరాలు దిద్దుకున్నాక మనవరాలి పాఠంలోనూ అదే చదివాను: కోతి గుంపులో బతుకుతుంది, తుమ్మెద ఒంటరిగా. నా నమ్మకం ఇంకా గట్టిపడింది.

అందుకే ఈ ఏడు విత్తనం తగ్గితే కోతులను అనుమానించలేదు. వాన పడింది, పదును ఆరేలోపు వేరుశెనగ వేయాలి. నేనూ పక్కింటి వదినా వసారాలో కాయలు ఒలుస్తున్నాం. ఒలిచేవాళ్లకు వక్కాకు ఇవ్వడం మాలో మర్యాద. నోరు ఖాళీగా ఉంటే విత్తనం అందులోకి పోతుందన్నది అసలు సంగతి. వదినకు రెండుసార్లు ఇచ్చాను. అయినా ఎద్దులకు నీళ్లు పెట్టి వచ్చేసరికి చేటలో కుప్ప కుంగిపోయి ఉంది. అప్పుడే వదిన వాళ్లింటి వైపు నుంచి వస్తోంది.

"యాడికి పోయినావు వదినా?"

"పొయ్యి మీద పప్పు పెట్టింటి, చూసొచ్చినా. ఏం?"

"విత్తనం తగ్గినట్టుండాది."

"కోతి వచ్చిందేమో."

"కోతులొస్తే ఊరంతా తెలుస్తాది."

వదిన నా ముఖంలోకి చూసింది. కొంగు విప్పి దులిపింది. పొట్టు రాలింది.

"చాలునా? నోరు గూడా తెరవమంటావా? నువ్విచ్చిన వక్కాకే ఉండాది."

వద్దనలేదు. నా చూపు ఆమె నడుం దగ్గరి తిత్తి మీదికి పోయింది. అది కూడా బోర్లించింది. రెండు వక్కలు, సున్నపు డబ్బీ.

అప్పుడు పెరటి గోడ మీద కదలిక కనిపించింది. ముసలి మగకోతి. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. మిగతావి ఎక్కడున్నాయోనని అటూ ఇటూ వెతికాను. ఒక్కటీ లేదు.

"పిలువు వదినా, దానికీ వక్కాకియ్యి," అని వదిన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

పొద్దు గూకేదాకా ఒక్కదాన్నే ఒలిచాను. తెల్లారి విత్తడానికి గొర్రు కట్టారు. ఒలిచింది చాల్లేదు. చేనిలో తూర్పు కయ్య ఈ ఏడు బీడుగానే ఉంది.