లేవి చేతి దూకుడు

లేవి కర్నూల్లో రాక్ బ్యాండుకు డ్రమ్ములు వాయించిన తొమ్మిదేండ్లూ ఒక్కటే చెడ్డపేరు. పల్లవి దగ్గరికొచ్చేసరికి చేయి ముందుకు దూకుతాది. తాళానికి వెంట్రుకవాసి ముందు, అంతే. ఆ దూకుడుకే కాలేజీ పిల్లోళ్లు కుర్చీలెక్కి ఎగిరేవాళ్లు. పాడే భూపేష్‌కు మాత్రం చప్పట్లన్నీ తన గొంతుకేనని నమ్మకం. అట్లాంటోడు ఒకనాడు బ్యాండును గాలికొదిలి మామగారి కాంట్రాక్టుల్లోకి పోయినాడు. పాటగాడు లేనిచోట డ్రమ్ములు ఎవురికి కావాల?

లేవి కడపకొచ్చి, పెండ్లాం క్రిస్టినా వాళ్ల మిద్దెమీది గదిలో గోడలకు బొంతలు కొట్టి రికార్డింగు పెట్టినాడు. చర్చి పాటలు, ఎలక్షన్ పాటలు, ఓణీల ఫంక్షన్ పాటలు. ఎవురు తాళం తప్పినా కంప్యూటర్లో ఒక్కో దెబ్బనూ తెరమీది తాళం గీతమీదికి జరిపి కూర్చోబెట్టడమే పని. ఎనిమిదేండ్లు అదే. కూడు పెట్టింది, కాదనకూడదు.

పోయిన ఎండాకాలం భూపేష్ కారు దిగినాడు, పొట్టేసుకొని.

"ఏమప్పా లేవీ, మన పాట ఒక్కటన్నా రికార్డు చేసుకోకపోతిమి. చేద్దామా?"

"ఇన్నాళ్లకు గుర్తొచ్చినానా?"

"తిట్టు, పడతా. డ్రమ్ములు మాత్రం నువ్వే వాయించాల. కంప్యూటర్ మిషన్ వాయించేది వద్దు. నాకు నీ చేయి కావాల."

భూపేష్ పోయినాక లేవి అటకమీది డ్రమ్ములు దించినాడు. బూజు దులిపి, కొత్త తోళ్లు బిగించి, వాయించి రికార్డు చేసినాడు. చొక్కా తడిసి ముద్దయింది. కింద బియ్యం చెరుగుతాండే క్రిస్టినా చాట పక్కనపెట్టి పైకొచ్చింది.

"ఈ వాయింపు ఇనే కదా నిన్ను చేసుకునింది," అనింది.

లేవి ఆడికి ఆపినా బాగుండు.

మరునాడు కంప్యూటర్లో చూసుకున్నాడు. పల్లవి దగ్గర దెబ్బలన్నీ గీతకు ముందే. బయటోడు ఇట్ల వాయించింటే తాళం రాదని మొఖానే అనేవాడు. భూపేష్ నవ్వుతాడేమోనని భయం పట్టుకుంది. ఒకటి జరిపినాడు. దాని పక్కది వంకరగా కనబడె. అదీ జరిపినాడు. మొదట వాయించింది దాచుకోవాలన్న ఇంగితం గూడా లేకపోయె, దానిమీదనే సేవ్ కొట్టినాడు. సాయంత్రానికి దెబ్బలన్నీ బడిపిల్లోళ్ల మాదిరి వరసలో నిలబడినాయి.

భూపేష్ వచ్చి విన్నాడు. పల్లవి వచ్చింది, పోయింది. తల గూడా ఊపలేదు.

"మిషన్‌ది పెట్టినావా లేవీ? వాయించనని ముందే చెప్పింటే పోయేది కదప్పా."

టీ గ్లాసులతో గది వాకిట్లో నిలబడిన క్రిస్టినా మొగుని మొఖంలోకి చూసింది, చెప్పు అన్నట్లు. ఏమని చెప్పాల? నా చేతిని నేనే నరుక్కున్నానని చెప్పాల్నా?

"తీరిక లేకపోయెప్పా," అన్నాడు లేవి. "మిషన్‌దే."

"సర్లే, ఇది గూడా బాగానే ఉండాది," అని భూపేష్ టీ అందుకున్నాడు.